ఘాట్ రోడ్డు మీద నా గొంతు

దయ్యాలున్నాయని నేను ఏ రోజూ నమ్మలేదు. నమ్మే వీలు కూడా లేదు నాకు. మార్కాపురంలో మా వీధి జనం చెప్పుకునే మూడు దయ్యాల్లో రెండింటిని పుట్టించింది నేనే. పాత రైసుమిల్లు వెనక తిరిగే తెల్లచీర ఆడమనిషి నాదే. ఎండిపోయిన బోరులోంచి దగ్గే ముసలాయన కూడా నాదే. మూడోది ఎవరిదో తెలియదు గానీ పనితనం బాగలేదు. నా చేతికిచ్చుంటే ఇంకా బాగా చేసుండేవాణ్ణి.

నాది మోటార్ల వైండింగ్ షాపు. కాలిపోయిన మోటారు తెచ్చిన రైతు తీగ చుట్టిందాకా స్టూలు మీద కూర్చోవాల. కూర్చున్న మనిషికి పొద్దుపోవాల. అట్ల నోరు అలవాటైంది. గొర్రె ఈనిందంటే ఏనుగు ఈనిందని చెప్తాను. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు నా మాటల్లో అబద్ధాలు ఏరి పారేసి వింటది నా భార్య.

అందుకని ముందే చెప్పేస్తున్నా. మా బామ్మర్ది ఒళ్ళు గురించి, ఆ రోజు ఎండ గురించి, ఘాట్ మలుపుల గురించి ఎక్కువ చెప్పుంటే మీరే తగ్గించుకోండి. ఘాట్ మీద వినపడినదాని గురించి మాత్రం ఒక్క ముక్క కలపలేదు. కలపాలంటే నాకే భయం.

మా బామ్మర్ది పేరు ఓబులేసు. నా భార్యకు తమ్ముడు. వాళ్ళమ్మ పోయినప్పుడు వాడు పాలు తాగే పిల్లోడు. ఈమే చంకనేసుకుని పెంచింది. కంభం దాటి గిద్దలూరు పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి పోతే వాళ్ళ ఊరు. గొర్రెలు కాస్తాడు. మనిషి ఎంత లావంటే, వాడు కంభం చెరువులో దిగితే అలుగు పారతది. మాట మాత్రం మహా పొదుపు. నేను వంద మాటలు చెప్తే వాడు "ఊ" అంటాడు. ఆ "ఊ" కోసమే నేను వంద చెప్పేది.

మొన్న ఎండాకాలంలో వాళ్ళింట్లో మొక్కు ఉంటే పోయినాం. రాత్రి పొట్టేలు మాంసం తిన్నాం. వాడు ఎప్పట్లాగే గొర్రెల దొడ్డిలో నేల మీద గోనెపట్టా పరుచుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి కడుపు పట్టుకుని వచ్చినాడు.

"బావా, కడుపులో తిప్పుతాంది."

"తిప్పక ఏం చేస్తది? పొట్టేలు మొత్తం లోపలుంది. బయటికి దారి ఎతుక్కుంటాంది," అన్నాను.

అందరం నవ్వినాం. వాము నమిలించినాం. సోడా తాగించినాం. వాడు అరుగు మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతున్నాయి. రాత్రి తాగింది దిగలేదేమో అనుకున్నాం. వాడు వేలితో ఒక రెప్పను పైకి లేపి పట్టుకుని, ఆ సందులోంచి నన్ను చూసినాడు. ఏదో చెప్పబోతే మాట ముక్కులోంచి వచ్చింది. నా భార్య నీళ్ళు తాగిస్తే, నీళ్ళూ ముక్కులోంచే బయటికొచ్చినాయి.

అప్పుడు ఆ ఇంట్లో నవ్వు ఆగిపోయింది.

ఆటోలో ఎక్కించుకుని దగ్గర్లోని ఆసుపత్రికి పోయినాం. ఏ ఆసుపత్రో రాయను. రాయొద్దని అక్కడి నర్సు రూతమ్మ సిస్టరే అడిగింది.

మేం పోయేసరికి రూతమ్మ సిస్టర్ రాత్రి డ్యూటీ దిగి, అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకుంటాంది. తర్లుపాడు పక్క పల్లెటూరు ఆమెది. వయసులో నాకంటే కొంచెం పెద్ద ఉంటది. ఎవరినైనా "నాయనా" అనే పిలుస్తది. ఓబులేసును స్ట్రెచరు మీద చూసింది. చెప్పులు విడిచి, సంచి గోడకు తగిలించి లోపలికొచ్చింది.

డాక్టరు కుర్రాయన, నిదానస్తుడు. ఏమైనా కరిచిందా అని అడిగినాడు. నాకు తెలిస్తే గదా. కానీ తెలియదంటే మమ్మల్ని పక్కన కూర్చోబెడతారేమోనని భయం.

"నాగుపాము సార్. రోకలి బండంత లావు. చాటంత పడగ," అన్నాను.

రూతమ్మ సిస్టర్ వాడి చేతికి సూది గుచ్చుతూ తల తిప్పకుండానే అడిగింది. "నువ్వు చూసినావా నాయనా?"

"లేదమ్మా."

"చూడంది ఎందుకు చెప్తావు?"

"చిన్నగా చెప్తే ఎవరూ పట్టించుకోరు గదమ్మా."

ఆమె నవ్వింది. ఆ పొద్దు ఆ ఆసుపత్రిలో నవ్విన మనిషి ఆమె ఒక్కతే. "ఇక్కడ చిన్నగానే చెప్పు. పట్టించుకుంటాం."

అప్పుడు చిన్నగా చెప్పినాను. దొడ్డిలో నేల మీద పడుకున్నాడని, పొద్దున కడుపునొప్పని, పాము ఎవరికీ కనపడలేదని. డాక్టరు వాడి రెప్పలు లేపి చూసి, కట్లపాము అయ్యుంటదన్నాడు. నిద్రలో కరుస్తదంట, గాటు కూడా కనపడదంట. పాము మందు మొదలుపెట్టినారు. కానీ వాడికి ఊపిరి తీసుకునే బలం కూడా పోతాంది. గొంతులోకి పైపు వేసి, దానికి రబ్బరు సంచి తగిలించినారు. దాన్ని చేత్తో పిసికితే గాలి లోపలికి పోతది, వదిలితే బయటికొస్తది. ఊపిరి పోసే మిషను ఉన్న ఆసుపత్రి నంద్యాలలో. నంద్యాలంటే నల్లమల ఘాట్ దాటాల. అక్కడిదాకా ఎవరో ఒకరు ఆ సంచి పిసుకుతానే ఉండాల.

"నేను పోతాను సార్," అంది రూతమ్మ సిస్టర్. డ్యూటీ దిగిన మనిషి.

అంబులెన్సులో మా తరఫున ఒక్కరికే చోటు. నా భార్య తలుపు పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. అది నాకు ఇంకా భయం.

"మా తమ్మున్ని నీ ఎంట పంపిస్తన్నా. నీ ఎంటే తోలుకరావాల," అంది. తలుపు వేసినారు.

బండి కదిలింది. వాడి తల దగ్గర రూతమ్మ సిస్టర్, వాడి నడుము దగ్గర నేను. ఆమె సంచి పిసుకుతా, మధ్య మధ్య పంటి కింద లెక్క పెట్టుకుంటాంది. తడి దూదితో వాడి పెదాలు తుడిచింది. చెవి దగ్గర వంగి, "ఓబులేసు నాయనా, నంద్యాల పోతన్నాం, భయపడబాక," అంది. నిద్రపోయే బిడ్డకు దుప్పటి కప్పుతూ చెప్పినట్టుంది ఆ మాట.

"ఇనపడతాదా అమ్మా?"

"అన్నీ ఇనపడతాయి. ఒళ్ళే కదల్దు. తెలివి అట్లనే ఉంటది. నాకు లెక్క తప్పకూడదు, ఎక్కువ మాట్లాడలేను. నువ్వు మాట్లాడతా ఉండు నాయనా."

నా బతుకులో నన్ను మాట్లాడమని అడిగిన మొదటి మనిషి ఆమె. నాకు మాట రాలేదు.  బస్సు కండక్టరుకు మా తాత పులిని పెంచిన కథ చెప్పినవాణ్ణి, ఆ మధ్యాహ్నం వాడి చెవిలో "నేనున్నా" అని కూడా అనలేకపోయినా.

గిద్దలూరు దాటినాం. ఘాట్ ఎక్కినాం. ఎండ ఎట్లుందంటే, కొండరాళ్ళ మీద దోసె పోస్తే మాడిపోతది. ఆకు రాలిపోయిన అడవి. ఎప్పుడూ రోడ్డు మీద కొట్లాడుకునే కోతులు కూడా ఎటు పోయినాయో పోయినాయి. మిట్టమధ్యాహ్నం ఆ అడవిలోకి పోవద్దని మా నాయన చెప్పేవాడు. గాలి సోకుతదని. నేను నవ్వేవాణ్ణి.

ఒక మలుపు కాడ బండి ఆగింది. ముందు లారీ ఒకటి రోడ్డుకు అడ్డం తిరిగి ఉంది. డ్రైవరు దిగి, చూసొస్తానని మలుపు అవతలికి నడుచుకుంటా పోయినాడు. లోపల ఉడికిపోతుంటే వెనక తలుపు తెరిచినాను.

అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. సంచి పిసికిన చప్పుడు, వదిలిన చప్పుడు. అంతే. రూతమ్మ సిస్టర్ జబ్బ వణుకుతాంది. చెయ్యి మారుస్తాంది, మళ్ళీ మారుస్తాంది, సంచి మాత్రం ఆగలేదు.

నేను ఓబులేసును చూసినాను. మొహం బూడిదలాగుంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటగా, బరువుగా ఉంది. గాలి కొట్టినప్పుడు రొమ్ము లేస్తాంది, కొట్టకుంటే లేదు. మా వాడు లేడు, ఈమె ఉత్త కట్టెకు ఊపిరి పోస్తాందని నాకు తోచింది. వెంటనే నా భార్య తలుపు పట్టుకుని నిలబడింది గుర్తొచ్చింది.

మాలో ఒక ఆచారం ఉంది. శవాన్ని మోసుకుపోయేటప్పుడు దారిలో పాడె దింపుతారు. దింపుడు కళ్ళం అంటారు. దగ్గరివాడు చెవి దగ్గర వంగి, పేరు పెట్టి మూడుసార్లు పిలవాల. ఒకవేళ ప్రాణం ఎక్కడన్నా మిగిలుంటే పలుకుతదని. నాకు ఆ క్షణం అదొక్కటే తోచింది. వాడి చెవి దగ్గరికి వంగినాను.

"ఏం చేస్తన్నావు?" అంది రూతమ్మ సిస్టర్.

"మూడుసార్లు పిలుస్తానమ్మా. దింపుడు కళ్ళం మాదిరి."

అప్పటిదాకా మెత్తగా ఉన్న గొంతు ఆమెకు గట్టిపడింది. "అది పోయినోళ్ళకు చేసేది. ఈయన పోలేదు. ఇంటన్నాడని చెప్పినా గదా నాయనా. బతికున్నోడి చెవిలో అట్ల పిలిస్తే, నేను పోయినానేమో అనుకుంటాడు."

సిగ్గుతో చచ్చిపోయినా. వెనక్కి జరిగి కూర్చుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా. ఈ చెయ్యి సంగతి గుర్తుపెట్టుకోండి. నా అరచెయ్యి నా నోటి మీద ఉంది. పళ్ళు బిగించుకునున్నా.

అప్పుడు బయటి నుంచి పిలుపు వచ్చింది.

"ఓబులేసూ."

గట్టిగా కాదు. గడప బయట నిలబడి, పనికి పోదాం రమ్మని పిలిచినట్టు. మలుపు అవతల నుంచి వచ్చింది.

అది నా గొంతు.

నా గొంతు నాకు తెలియదా? దానికి ఒక జీర ఉంది. పేరు చివర ఎత్తి వదిలేసే అలవాటుంది. మోటార్లు తిరిగే చప్పుడులో పాతికేళ్ళుగా అరిచిన గొంతు. అచ్చం అదే. నా నోరు మూసి ఉంది, నా గొంతు రోడ్డు మీద ఉంది.

రూతమ్మ సిస్టర్ తల ఎత్తి నా వైపు చూసింది. నా కళ్ళను కాదు, నా నోటిని చూసింది. నోటి మీద చేతిని చూసింది. తర్వాత తెరిచిన తలుపు వైపు చూసింది.  సంచి పిసికిన చప్పుడు, వదిలిన చప్పుడు. అది తప్పలేదు.

"ఓబులేసూ. రా."

ఈసారి దగ్గరగా. తలుపు పక్కన, బండి రేకుకు అవతల. రోడ్డు మీద అడుగుల చప్పుడు లేదు. తలుపులోంచి ఎండ లోపలికి పడుతాంది. ఆ ఎండలో ఎవరి నీడా లేదు. నోటి మీద చెయ్యి తీయకుండా తలుపు వైపే చూస్తా కూర్చున్నా.

ఓబులేసు మూసిన రెప్పల కింది నుంచి నీళ్ళు కారి చెవి వైపు పోతున్నాయి.

రూతమ్మ సిస్టర్ చెయ్యి ఆపకుండానే వాడి చెవి మీదికి వంగింది. చిన్నగా, ఏ తొందరా లేకుండా చెప్పింది.

"పలకొద్దు నాయనా. పోవద్దు. అది మీ బావ కాదు. మీ బావ నీ పక్కనే నోరు మూసుకుని కూర్చున్నాడు. పొద్దున్నుంచి చూస్తన్నా, ఆయనైతే ఒక్క మాటతో ఊరుకుంటాడా?"

తర్వాత తలుపు వైపు తిరిగింది. వార్డులో టైమైపోయినాక చుట్టాలను బయటికి పొమ్మనే గొంతుతో అంది.

"ఈయన రాడు. నా చేతిలో ఉన్నాడు."

నేను మూడో పిలుపు కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నా. ఎంతసేపో తెలియదు. నా లెక్కలో అది ఒక వానాకాలమంత సేపు. మూడో పిలుపు రాలేదు. ఎక్కడో ఒక కోతి అరిచింది. లారీ కదిలిన చప్పుడైంది.

డ్రైవరు పరిగెత్తుకుంటా వచ్చినాడు. వెనక తలుపు వేయబోయి, లోపలున్న నన్ను చూసి ఆగిపోయినాడు.  తలుపు వేసి, కిటికీ అద్దాలెక్కించి, ఘాట్ దిగిందాకా బ్రేకు సంగతి మర్చిపోయి తోలినాడు.

నంద్యాల ఆసుపత్రి బయట టీ తాగుతుంటే చెప్పినాడు. "అన్నా, లారీ కాడ నేనుంటే, ఆసుపత్రిలో ఇనిన నీ గొంతే ఇంకా అవతల నుంచి 'ఓబులేసూ' అని పిలుస్తాంది. ఇంత ముందుకు ఎప్పుడొచ్చినావబ్బా అనుకున్నా. చూద్దామని నాలుగడుగులు వేసినా కూడా. వచ్చి చూస్తే నువ్వు బండిలోనే ఉంటివి." 

ఓబులేసును మిషను మీద పెట్టినారు. రూతమ్మ సిస్టర్ మిషను తిరిగిందాకా వదల్లేదు. తర్వాత గోడకు ఆనుకుని కూలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళు విప్పబోతే రావడం లేదు. బొటనవేలు మొదట్లో తోలు ఊడి వచ్చింది. నేను ఒక్కొక్క వేలు పట్టుకుని విప్పినా. పొద్దున ఆమె తగిలించిన అన్నం డబ్బా సంచి ఇంకా ఆ ఆసుపత్రి గోడకే వేలాడుతా ఉంటది అనుకున్నా.

కొన్నాళ్ళకు ఓబులేసు లేచినాడు. పైపు తీసినాక నా భార్యను చూసినాడు, నన్ను చూసినాడు. బొంగురు గొంతుతో మాట్లాడినాడు. వాడు అన్ని మాటలు కలిపి మాట్లాడడం నేను పెళ్ళైనప్పటి నుంచి వినలేదు.

"బావా, దారిలో నువ్వు బయట నిలబడి పిలిచినావు. ఒళ్ళంతా తేలికైపోయింది. లేచొద్దామనుకున్నా. సగం లేచినా కూడా. నువ్వు పిలిస్తే రాకుండా ఎట్లుంటా? అప్పుడు ఒకామె చెప్పింది, అది మీ బావ కాదని. నిజమే అనిపించింది. మా బావైతే రమ్మని చెప్పి ఊరుకోడు. ఎండ గురించి ఒక కథ చెప్తాడు, రోడ్డు గురించి ఒక కథ చెప్తాడు. అందుకని మళ్ళీ పడుకున్నా."

ఘాట్ మీద వినపడినదాని గురించి అప్పటికి నేను ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. వాడి మాట విన్నాకనే మొత్తం చెప్పినా, నా భార్య నా మొహం చూసి మొదటిసారి రాళ్ళు ఏరకుండా విన్నది.

వాడికి నడక వచ్చినాక ముగ్గురం రూతమ్మ సిస్టర్ ఇంటికి పోయినాం. ఓబులేసు తన మందలో మంచి పొట్టేలును తోలుకొచ్చినాడు. ఆమె తీసుకోలేదు. "ఇంత పొట్టేలు కట్టేసే చోటు నా ఇంట్లో ఏడుంది నాయనా," అంది. నా భార్య ఆమె చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. బొటనవేలు దగ్గర మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. "అట్ల చేయబాకమ్మా," అని ఆమె చేతులు వెనక్కి తీసుకోబోయింది. నా భార్య వదల్లేదు. తలుపు పట్టుకుని నిలబడిన రోజు రాని ఏడుపంతా అక్కడ ఏడ్చింది. రూతమ్మ సిస్టర్ ఆమె తల నిమురుతా కూర్చుంది.

వచ్చేటప్పుడు నేను వాకిట్లో ఆగి అడిగినా. "అమ్మా, ఆ పొద్దు మీకు భయం కాలేదా?"

"భయపడితే సంచి ఎవరు పిసుకుతారు?" అంది. కొంచెం ఆగి, గొంతు తగ్గించింది. "ఇంటికొచ్చినాక అయింది. చాలా దినాలు లైటు ఆర్పకుండా పడుకున్నా. నేను ఇనింది నీ గొంతే నాయనా. నేను చూసింది మూసిన నీ నోరు. అంతవరకే నాకు తెలుసు. ఇంక దాని గురించి మాట్లాడబాకు."

నేను చాలా రకాలుగా ఆలోచించినా. కొండల్లో ప్రతిధ్వని అనుకుందామంటే, ముందు ఎవరో ఒకరు అరవాల గదా. నేను అరవలేదు. లారీవాళ్ళు వాళ్ళ మనిషినెవరినో పిలిచినారేమో అనుకున్నా. మా పక్క రాయి విసిరితే ఒక ఓబులేసుకు తగులుతది. కానీ వాళ్ళకు నా గొంతు ఎక్కడిది? ఎండకు నాకు తల తిరిగిందనుకుందాం. రూతమ్మ సిస్టరుకు, డ్రైవరుకు, కళ్ళు మూసుకునున్న మా వాడికి, అందరికీ ఒకేసారి ఒకే రకంగా తిరుగుతదా?

ఇప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. నేను ఓబులేసు ఇంటికి పోతే బయట నిలబడి పేరు పెట్టి పిలవను. వీధి మొదట్లోంచే మొదలుపెడతా. "ఒరే, మీ ఊరి బస్సులో ఈ పొద్దు ఎనిమిది వందల మందిని ఎక్కించినాడురా, నేను డ్రైవరు ఒళ్ళో కూర్చునొచ్చినా" అని. అది విన్నాకనే వాడు లోపల నుంచి "ఊ" అంటాడు. ఫోన్లో కూడా అంతే. ముందు ఒక అబద్ధం చెప్పాల, తర్వాతే వాడు పలుకుతాడు. మా ఆవిడ కూడా ఇప్పుడు నా అబద్ధాలను ఏమీ అనడం లేదు. ఇంకొంచెం పెద్దది చెప్పమంటది.

వాడు నేల మీద పడుకోవడం మానేసినాడు. గొర్రెలను కొండ వైపు తోలడం మానేసినాడు. మధ్యాహ్నం పూట ఎవరు పిలిచినా మొహం చూసిందాకా తల తిప్పడు. పిరికోడని ఊళ్ళో ఎగతాళి చేస్తారు. చేస్తే చెయ్యనీ అంటాను నేను.

ఎందుకంటే దింపుడు కళ్ళంలో పిలుపులు మూడు. ఆ రోజు మేం విన్నవి రెండే.